పాత లాంచీ ఇంజిన్: పని చేయించాలా, కొత్తది వేయాలా?

సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజులు వచ్చాయంటే కర్నూలులోని మా షెడ్డుకు ఫోన్లు మొదలవుతాయి. శ్రీశైలం డ్యామ్ నీటిమట్టం 885 అడుగుల నుంచి దిగుతూ వస్తుంది, రేవులు దూరం జరుగుతాయి, లాంచీలు బురద అంచున ఆగిపోతాయి. ఏడాదంతా మూలుగుతూ నడిచిన ఇంజిన్ సంగతి యజమానులకు అప్పుడు గుర్తొస్తుంది. అందరూ అడిగేది ఒకటే: "మేస్త్రీ, ఇంజిన్ పోయినట్టుంది. పని చేయిస్తే ఎంతయితాది, కొత్తదైతే ఎంతయితాది?"

దీనికి ఫోన్లోనే జవాబు చెప్పే మెకానిక్‌ను నమ్మొద్దు. చూడకుండా "బోర్ చేయిస్తే చాలన్నా" అనేవాడు, "అది తుక్కు, పారేయ్" అనేవాడు, ఇద్దరూ చూసుకునేది తమ గిరాకీనే. ఇంజిన్ ఎన్నేళ్లదన్నది అసలు లెక్కలోకే రాదంటాను నేను. బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ ఒళ్లు), క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎలా ఉన్నాయి, సామాను దొరుకుతుందా, ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతారు, ఈ మూడే విషయాన్ని తేలుస్తాయి. ఆ మూడూ ఎలా తెలుసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు ఒక మాట. బోటు ఇంజిన్ల గురించి మీరు వినే సలహాల్లో ఎక్కువ భాగం సముద్రం మీద తిరిగేవాళ్లవి. కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పునీరు ఇంజిన్ వేడిని లాగే హీట్ ఎక్స్‌చేంజర్‌ను, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను లోపలి నుంచే తినేస్తుంది. పైకి బాగానే కనిపించే ఇంజిన్‌ను పారేయాల్సి రావడం అక్కడ మామూలే. మనవి మంచినీళ్లు. మన ఇంజిన్లను తినేది ఒండ్రు. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, ఒండ్రు పేరుకుని ఇప్పుడు 215 చిల్లరకు వచ్చింది. వరద రోజుల్లో ఆ మట్టే మీ నీటి పంపులోకి వచ్చి ఇంపెల్లర్‌ను (నీళ్లు తోసే రెక్కల చక్రాన్ని) అరగదీస్తుంది, కూలర్ గొట్టాల్లో పేరుకుంటుంది. దానికి తోడు మనవాళ్లు ఎండాకాలమంతా లాంచీని ఊరికే నిలబెట్టేస్తారు, ఆ నెలల్లో సిలిండర్ గోడలు తుప్పు పడతాయి. అయినా సముద్రపు బోట్లతో పోలిస్తే మన దగ్గర బ్లాకు బతికి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అందుకే అక్కడ "కొత్తది వేయించు" అనే కేసుల్లో సగం ఇక్కడ "పని చేయించు" అవుతాయి.

మొదట: జబ్బు ఇంజిన్‌దేనా?

"లాగడం లేదు, నల్లపొగ వస్తోంది" అని తెచ్చే లాంచీల్లో చాలావాటికి ఇంజిన్ విప్పే పనే ఉండదు. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందలేదని, లేదా ఇంజిన్ మోయలేని బరువు మోస్తోందని అర్థం. కాబట్టి మొదటి చూపు నీళ్ల కిందికి పోవాలి. డ్యామ్ వెనుక నీళ్లలో చేపల వలలు తెగి కొట్టుకొస్తుంటాయి. నైలాన్ వల పంకాకు (ప్రొపెల్లర్‌కు) చుట్టుకుని, షాఫ్టు వేడికి కరిగి, సీలు దగ్గర గట్టి ముద్దగా బిగుసుకుపోవడం మామూలు సంగతి. కట్టెకు తగిలి పంకా రెక్క వంగినా ఇంతే. లాంచీ అడుగున నాచు దట్టంగా పట్టినా ఇంతే.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఇంజిన్ గదిలోకి గాలి వచ్చే దారి చూడండి. మే నెలలో మన ఎండకు ఇంజిన్ గది కొలిమిలా ఉంటుంది, వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. కిటికీ పలకలు కొట్టి మూసేసిన ఇంజిన్ గదులు నేను చూశాను, వాన పడుతుందని మూశారట. డీజిల్ ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీళ్లు తేరుకుంటే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి కాలిబ్రేషన్ షాపుకు పంపండి. నాజిల్ సరిగా చిమ్మక, చుక్కలుగా కారుతుంటే పిస్టన్ తలే కాలిపోతుంది. ఈ ఖర్చు వృథా కాదు, రేపు ఇంజిన్ పని చేయించాలన్నా ఇది ఎలాగూ తప్పదు.

ఇంకో పరీక్ష అందరూ మరచిపోతారు. లాంచీకి మామూలుగా ఎక్కే బరువు వేసి, లోతు నీళ్లలో థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి, టాకోమీటర్ చూడండి. ఇంజిన్ ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం వరకు రావాలి. ప్లేటు మీద 2000 ఉండి, 1600 దగ్గరే ఆగి నల్లపొగ కక్కుతోందంటే, పంకా పెద్దదై ఉండొచ్చు. న్యూట్రల్‌లో 2000 బాగా అందుకుని, బరువు మీద మాత్రమే అందుకోకపోతే అనుమానం ఇంకా గట్టిది. ఇవన్నీ సరిచేసినా మార్పు లేకపోతేనే ఇంజిన్ వైపు తిరగండి.

విప్పకుండా ఇంజిన్ ఏం చెబుతుంది

పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాస్త తెల్లపొగ వచ్చి పోతే భయపడాల్సింది లేదు. వేడెక్కాక కూడా వస్తోందంటే, కళ్లు మండించే పొగైతే డీజిల్ కాలడం లేదు, డీజిల్ చిమ్మే టైమింగ్ తప్పి ఉంటుంది లేదా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) లేదు. ఆవిరిలా ఉండి కాసేపటికి గాలిలో కలిసిపోతే నీళ్లు సిలిండర్‌లోకి వస్తున్నాయి. నీలంపొగ అంటే ఆయిల్ మండుతోంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. మంచి ఇంజిన్‌లో మూత కొద్దిగా వణుకుతుంది. పిస్టన్ రింగులు, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) అరిగిన ఇంజిన్‌లో ఎగిరి పక్కన పడుతుంది, రంధ్రంలోంచి పొగ దూసుకొస్తుంది. పెద్ద మీటర్లు అక్కర్లేదు, పాత సరంగులకు (లాంచీ నడిపేవాళ్లకు) ఈ ఒక్క చూపు చాలు.

ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు చూసి మురిసిపోవద్దు. గంట నడిపాక చూడాలి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు దాదాపు 10 పౌండ్లు (చదరపు అంగుళానికి) ఉండాలన్నది పాత వాడుక లెక్క. మీ ఇంజిన్ పుస్తకం ఉంటే అందులో రాసినదే ఖాయం. వేడి మీద ప్రెషర్ పడిపోతోందంటే బేరింగులు అరిగాయి, లేదా ఆయిల్ పంపు అరిగింది. ఎంత ఆయిల్ తాగుతోందో కూడా రాసిపెట్టుకోండి. "అప్పుడప్పుడు పోస్తుంటాం" అనే మాటతో ఏ మెకానిక్కూ ఏమీ తేల్చలేడు.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలటీ రంగులో ఉంటే టెన్షన్ పడి వెంటనే హెడ్ ఎత్తేయకండి. నీళ్లు ఆయిల్‌లో కలవడానికి ముఖ్యమైన దారులు నాలుగు: హెడ్ గ్యాస్కెట్, పగిలిన హెడ్, లైనర్ కింది రబ్బరు రింగులు, ఆయిల్ కూలర్. చివరిది అన్నిటికన్నా చవక, అందరూ దాన్నే చివర్లో చూస్తారు. ముందు అదే విప్పి, గాలి పట్టి, నీళ్లలో ముంచి చూడండి.

ఇప్పుడు అసలైన తనిఖీ. వాడేసిన ఆయిల్ ఫిల్టర్‌ను పారేయకుండా హాక్సా బ్లేడుతో మూతి చుట్టూ కోయండి. లోపలి కాగితం మడతలను కత్తితో విడదీసి, పాత దినపత్రిక మీద పరచి, అరచేత్తో అదిమి ఆయిల్ పీల్చేయనివ్వండి. ఎండలోకి తెచ్చి వంచి వంచి చూడండి. నల్లటి మసి ఉంటుంది, అది మామూలే. మెరిసే రవ్వలున్నాయా అన్నదే ప్రశ్న. పలచటి కాగితం కింద అయస్కాంతం పెట్టి జరపండి. రవ్వలు దాంతో పాటు జరిగితే ఇనుము, అంటే లైనర్లు, రింగులు, క్యామ్, గేర్లు. జరగకుండా వెండిలా మెరిస్తే పిస్టన్ అల్యూమినియం లేదా బేరింగు పైపూత. రాగి రంగులో మెరిస్తే పైపూత పోయి బేరింగు లోపలి పొర తేలిందన్నమాట, లేదంటే బుష్‌లు అరుగుతున్నాయి. రాగి కనిపించాక లాంచీని ఒక్క ట్రిప్పు కూడా తిప్పొద్దు. ఆ దశలో ఆపితే బేరింగులు మార్చి, క్రాంకును ఒక సైజు గ్రైండింగ్ చేయిస్తే పోతుంది. "ఈ శివరాత్రి గిరాకీ అయిపోనీ" అని నడిపితే బేరింగు తిరిగిపోయి క్రాంకు, కనెక్టింగ్ రాడ్, ఒక్కోసారి బ్లాకు కూడా పోతాయి.

కంప్రెషన్

ఇంజిన్ వేడి మీద, బ్యాటరీ నిండుగా ఉండగా, డీజిల్ ఆపి, అన్ని నాజిళ్లూ తీసి ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి చూడాలి. బాగున్న డీజిల్ ఇంజిన్లలో మామూలుగా 350 నుంచి 450 పౌండ్ల మధ్య చూపిస్తుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాయే ముఖ్యం. పది శాతం దాటిందంటే ఏదో ఉంది. అన్నీ సమానంగా తగ్గితే మొత్తం ఇంజిన్ సమంగా అరిగింది. ఒక్కటే బాగా తక్కువగా ఉంటే ఆ ఒక్క చోట వాల్వో, రింగో, గ్యాస్కెట్టో పోయి ఉంటుంది. అలాంటప్పుడు మొత్తం ఇంజిన్ పని ఒప్పుకోకండి.

పెట్రోల్ బండికి చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ చూడటం డీజిల్‌కు అంత నమ్మకం కాదు. పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ కాబట్టి ఆయిలే చోటు ఆక్రమించి అంకెను పెంచేస్తుంది. దానికన్నా కంప్రెసర్ గాలి పట్టి వినడం మేలు. రెండు వాల్వులూ మూసి ఉండేలా ఆ సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, ఫ్లైవీల్ కదలకుండా బిగించి, నాజిల్ రంధ్రంలోంచి గాలి పంపండి. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వ్, సైలెన్సర్ వైపైతే ఎగ్జాస్ట్ వాల్వ్, బ్రీదర్‌లోంచి (ఇంజిన్ లోపలి పొగ పోయే గొట్టంలోంచి) వస్తే రింగులు, నీళ్ల ట్యాంకులో బుడగలైతే గ్యాస్కెట్ లేదా పగులు. వాల్వుల దగ్గరే ఆగితే హెడ్ పని ఒక్కటే చేయించుకుని ఇంటికి పోవచ్చు.

విప్పాక: బ్లాకూ క్రాంకూ ఏమంటాయి

ఇంజిన్ విప్పే ముందే లేతు షాపుతో మాట్లాడుకోండి, విప్పడానికీ కొలవడానికీ ఒక రేటు, పని చేయడానికి వేరే రేటు అని. విప్పి కొలిచాక ఆగే హక్కు మీకు ఉండాలి. ఇంజిన్ ముక్కలై షెడ్డులో పడ్డాక బేరమాడే బలం ఎవరికీ ఉండదు.

పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు, వాల్వులు ఎంత చెడినా నిర్ణయం మార్చవు. అవి అరగడానికే పుట్టిన సామాను. లైనర్ చుట్టూ నీళ్లు తిరిగే రకం ఇంజిన్ అయితే పాత లైనర్ లాగేసి కొత్తది దించడమే, బ్లాకు కొత్తదైనట్టే. లైనర్ బయటివైపు మాత్రం చూడండి. సన్నటి గుంటలు, పురుగు తిన్నట్టు రంధ్రాలు ఉంటే ఇన్నాళ్లూ కూలెంట్ లేకుండా ఉత్త నీళ్లతో నడిపారని తెలిసిపోతుంది. లైనర్ వణుకుడుకు నీటి బుడగలు పుట్టి, పేలి, ఇనుమునే తొలుస్తాయి. లైనర్ మార్చి, ఇకమీదట కూలెంట్ వాడితే ఇది అక్కడితో ఆగుతుంది.

బ్లాకును రద్దు చేసేవి వేరే. సిలిండర్ల మధ్య పగులు, లైనర్ మెడ కూర్చునే గట్టు విరగడం, మెయిన్ బేరింగు కూర్చునే చోటు తిరిగిపోయి అరగడం, రాడ్ తెగి బ్లాకు పక్క పగలగొట్టడం. రంగు పూసి తుడిచి పగులు పట్టే టెస్టు చిన్న పని, తప్పక చేయించండి. పోత ఇనుము బ్లాకును వెల్డింగ్‌తో అతికేవాళ్లు ఉన్నారు, కొందరు బాగానే చేస్తారు. పొలం మోటారుకైతే నేనూ సరే అంటాను. మనుషుల్ని ఎక్కించుకుని నది నడిమధ్యకు పోయే లాంచీకి మాత్రం అతికిన బ్లాకు వద్దు.

క్రాంకుకు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. సాధారణంగా బేరింగులు స్టాండర్డ్ తర్వాత పది, ఇరవై, ముప్పై, నలభై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సైజుల్లో దొరుకుతాయి, అంటే 0.25 మిల్లీమీటర్ల చొప్పున. మీ క్రాంకు ఇప్పటికే ముప్పై థౌ గ్రైండింగ్ అయి ఉంటే ఇంకొక్క ఛాన్సే మిగిలింది. కొన్ని ఇంజిన్లకు నాలుగు సైజులూ రావు. పైపొర గట్టిపరచిన క్రాంకులను గ్రైండ్ చేస్తే ఆ గట్టిదనమే పోవచ్చు, అప్పుడు మళ్లీ గట్టిపరచకపోతే చేయించిన పని ఎక్కువ కాలం నిలవదు. పగుళ్ల టెస్టు చేయించకుండా క్రాంకును గ్రైండింగ్‌కు ఇవ్వనే ఇవ్వొద్దు.

బ్లాకు, క్రాంకు రెండూ మంచివని తేలితే పని చేయించే వైపే మొగ్గండి. ఒకటి పోతే, రెండోది ఎంత మంచిదైనా, కొత్త బ్లాకో కొత్త క్రాంకో దొరికే ధర తెలుసుకుని కొత్త ఇంజిన్ ధర పక్కన పెట్టి చూడాలి. రెండూ పోతే ఆలోచించేది ఏముంది.

సామాను దొరుకుతుందా?

మన వైపు లాంచీల్లో ఉండేవి ఎక్కువగా అశోక్ లేలాండ్, కిర్లోస్కర్, సింప్సన్, రస్టన్ లాంటి పేర్లు. లారీలకు, ట్రాక్టర్లకు, పంపుసెట్లకు వాడిన కుటుంబానికి చెందిన ఇంజిన్ అయితే లైనర్ సెట్టు, గ్యాస్కెట్ సెట్టు కర్నూలులోనే దొరికే అవకాశం ఉంది, లేదంటే హైదరాబాదు, విజయవాడ ఆటోనగర్. చిక్కంతా మెరైన్ వైపు ముక్కలతోనే. నీళ్లు తిరిగే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, హీట్ ఎక్స్‌చేంజర్, నీటి పంపు, గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్లు. ఇవి లారీ షాపులో దొరకవు. కాబట్టి విప్పే ముందే ఈ నాలుగింటి పార్ట్ నంబర్లు రాసుకుని ఫోన్లు చేయండి. ఎవరో విదేశీ సెకండ్ హ్యాండ్ ఇంజిన్ చవకగా తెచ్చి వేసిన లాంచీలైతే ఇక్కడే తేలిపోతుంది: ఒక నీటి పంపు సీలు కోసం సీజన్ మొత్తం పోగొట్టుకునేకన్నా దాన్ని తుక్కుకు వేసి, మన దగ్గర సామాను దొరికే ఇంజిన్ పెట్టుకోవడమే మేలు, ఆ విదేశీది ఎంత బాగా నడుస్తున్నా సరే.

డబ్బు లెక్క

పని ఖర్చు, బిగింపుతో కలిపి కొత్త ఇంజిన్ ఖర్చులో సగం దాటి అరవై శాతం వైపు పోతుంటే కొత్తదే నయం అనే వాడుక లెక్క ఒకటుంది. చెడ్డది కాదు గానీ గుడ్డిగా పాటించొద్దు. "కొత్తది డీజిల్ తక్కువ తాగుతుంది, ఆ మిగులుతోనే అప్పు తీరిపోతుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది విన్నాక ఒక కాగితం తీసుకోండి.

డీజిల్ ఇంజిన్ ఒక హార్స్ పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి సుమారు 0.2 లీటరు తాగుతుంది. అరిగిన పాతది 0.22 తాగుతుందనుకుందాం. మీ లాంచీ నడిచేటప్పుడు సగటున 30 హార్స్ పవర్ వాడుతుందనుకుంటే పాతదానికి గంటకు 6.6 లీటర్లు, కొత్తదానికి 6. తేడా 0.6 లీటరు. లీటరు వంద రూపాయలని లెక్క సులువుకు పెట్టుకుంటే గంటకు 60 రూపాయలు. మన రేవుల్లో లాంచీ ఏడాదికి 600 గంటలు నడిస్తే 36,000. పని చేయించడం కన్నా కొత్తదానికి 4 లక్షలు ఎక్కువైతే, ఆ 4 లక్షలు తిరిగి రావడానికి పదకొండేళ్లు. అదీ పని చేయించాక కూడా పాత ఇంజిన్ 0.22 తాగుతుందనుకుంటే. నిజానికి కొత్త లైనర్లు, సరిచేసిన పంపుతో ఆ తేడా ఇంకా తగ్గుతుంది. అదే ఏడాదికి 2000 గంటలు తిరిగే బోటుకైతే మిగులు 1,20,000, మూడేళ్లు దాటగానే గిట్టుబాటు. గంటలు తక్కువ నడిచేవాడికి డీజిల్ పొదుపు పేరుతో కొత్త ఇంజిన్ అమ్మడం మోసం అనను గానీ, ఆ లెక్క అతనిది కాదు.

మరో విషయం ముందుచూపుతో ఆలోచించాలి. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 167కే జాతీయ రహదారి మీద కృష్ణపై వంతెన మంజూరైంది. అది పూర్తయ్యాక ఆ దాటుడు మీద బతికే లాంచీలకు గిరాకీ ఇప్పటిలా ఉండదు, పర్యాటకుల మీద ఆధారపడాల్సిందే. పదేళ్లలో తీరే అప్పు నెత్తిన పెట్టుకునే ముందు ఆ రేవులో పదేళ్ల తర్వాత ఎవరు ఎక్కుతారో మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి. గండికోట, అవుకు లాంటి చోట్ల షికారు బోట్లకైతే లెక్క వేరు. అక్కడ గంటలు తక్కువ, కానీ పొగ, చప్పుడు చూసి జనం ఎక్కడం మానేస్తారు. వాటికి కొత్తది వేయించడంలో అర్థముంది.

కొత్తదే అనుకుంటే

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతారు. మొదటి ఆశ, ఎక్కువ హార్స్ పవర్. నీళ్లను చీల్చుకుంటూ పోయే బరువు లాంచీకి పొడవును బట్టి ఒక వేగపు హద్దు ఉంటుంది. నీటి దగ్గర పొడవు 36 అడుగులైతే ఆ హద్దు దాదాపు 8 నాట్లు, గంటకు 15 కిలోమీటర్లు. ఆ పైన మీరు వంద హార్స్ పవర్ పెట్టినా లాంచీ వెనుక పెద్ద అల లేస్తుంది, డీజిల్ పోతుంది, వేగం పెరగదు.

రెండోది పంకా. పంకా తాగే బలం దాని తిరుగుడు వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. పాత ఇంజిన్ 1800 ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ రెండుకు ఒకటి అయితే పంకా 900 తిరుగుతుంది. 3000 ఆర్‌పీఎం కొత్త ఇంజిన్‌ను అదే గేర్‌బాక్స్‌కు తగిలిస్తే 1500 తిరగాలి. అంటే అదే పంకాకు నాలుగున్నర రెట్లకు పైగా బలం కావాలి. కొత్త ఇంజిన్ అంత ఇవ్వలేక 2000 లోపే ఉక్కిరిబిక్కిరై నల్లపొగ కక్కుతుంది, యజమాని "కొత్తదే దరిద్రంగా ఉంది" అని తిట్టుకుంటాడు. మూడున్నరకు దగ్గరలో ఉన్న గేర్‌బాక్స్ కావాలి, లేదా పంకా మారాలి. కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడు ఇంజిన్ ఒక్కటే అడగొద్దు: గేర్‌బాక్స్, పంకా, షాఫ్టు కప్లింగ్ (పంకా షాఫ్టును గేర్‌బాక్స్‌కు కలిపే జాయింటు), ఇంజిన్ బెడ్ మార్పులు, కూలింగ్, ఎగ్జాస్ట్ పైపు, వైరింగ్, ప్యానెల్, దించి ఎక్కించే క్రేను, అన్నీ రాయించుకోండి. ఇంజిన్ ధర చూసి ఒప్పుకుని బిగింపు ఖర్చుతో బేజారైన వాళ్లే ఎక్కువ.

మూడోది తుక్కు షాపులో లారీ ఇంజిన్ కొని వేయడం. చవకే, పరిచయమున్న ఇంజినే, సామాను దొరుకుతుంది. కానీ లారీకి పూర్తి బలం ఘాట్ ఎక్కేటప్పుడు కాసేపే కావాలి. లాంచీ ఒడ్డు వదిలిందంటే అవతలి ఒడ్డు దాకా ఒకే బరువు, ఒకే వేగం, దిగుడు అనేది లేదు. లారీ ప్లేటు మీద ఉన్న హార్స్ పవర్‌ను రోజంతా లాగొచ్చని అనుకోవద్దు. కంపెనీ ఇచ్చే కంటిన్యూయస్ రేటింగ్ ఎంతో అడగండి, అంతకు తగ్గట్టే పంకా వేయించండి. లారీకి ముందు నుంచి గాలి తగిలేది, ఇక్కడ లేదు, కాబట్టి రేడియేటర్ పనికిరాదు, నీటి కూలింగ్ పెట్టాలి. ఇంజిన్ వెనక్కి వాలి కూర్చుంటుంది, ఆ వాలులో ఛాంబర్‌లోని ఆయిల్, పంపు పీల్చుకునే గొట్టానికి అందుతుందా చూసుకోవాలి. ఇవన్నీ చేయగల మేస్త్రీ ఉంటే సరే, లేకపోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

బిగించాక షాఫ్టు కప్లింగ్ వరస చూడటం ఒడ్డున అయిపోయిందనుకోవద్దు. లాంచీ నీళ్లలో దిగి, ఒక రోజు నిలిచి, ఒళ్లు సర్దుకున్నాక మళ్లీ చూడాలి. చెక్క బోట్లైతే మరీ. కప్లింగ్ వ్యాసం అంగుళానికి ఒక థౌ కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు, నాలుగు అంగుళాల కప్లింగ్ అయితే చుట్టూ ఎక్కడ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టినా నాలుగు థౌ, అంటే 0.1 మిల్లీమీటర్ లోపే. దీన్ని వదిలేస్తే గేర్‌బాక్స్ సీళ్లు, వెనుక బుష్ వరసగా పోతాయి.

ఇక నేనైతే ఏమంటానంటే

బ్లాకు, క్రాంకు మంచివి, సామాను దొరుకుతుంది, లాంచీకి ఆ ఇంజిన్ ఇన్నేళ్లూ సరిపోయింది, ఏడాదికి వెయ్యి గంటల లోపే నడుస్తుంది. అలాంటప్పుడు రెండో ఆలోచన లేకుండా పని చేయించండి, కానీ పూర్తి పని. రింగులు మాత్రం మార్చి "హాఫ్ ఇంజిన్" చేయించుకోవడం నాకు నచ్చదు. అరిగిన లైనర్‌లో కొత్త రింగు సరిగా కూర్చోదు, మరుసటి ఏడాది మళ్లీ ఇదే షెడ్డుకు వస్తారు.

ఇంజిన్ మొదటి నుంచీ ఆ లాంచీకి చాలనిదైతే, ఎంత మంచి బ్లాకైనా పని చేయించి లాభం లేదు. పని చేసిన ఇంజిన్ కూడా పాత తప్పునే మోస్తుంది. ప్రయాణికుల లాంచీ అయితే నా తక్కెడ ఇంకొంచెం కొత్తవైపు మొగ్గుతుంది. వరద గాలిలో నడి నదిలో ఇంజిన్ ఆగితే అది రిపేరు ఖర్చుతో పోయే విషయం కాదు. చేపల బోటుకు, ఇసుక మోసే బోటుకు ఆ జంకు అంత అక్కర్లేదు.

కాగితాల సంగతి ముందే చూసుకోండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 వచ్చింది. ప్రయాణికుల బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి, ఇంజిన్ మారితే ఆ వివరాలు అందులో మారాలి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగాక ఈ తనిఖీలను తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. కొత్త ఇంజిన్ కొనే ముందే సర్వే అధికారితో మాట్లాడితే జూలై, ఆగస్టు వరద వచ్చే నాటికి చేతిలో కాగితం ఉంటుంది. పాత ఇంజిన్‌కే పని చేయించినా ఇన్వాయిసులు దాచిపెట్టండి, సర్వేకు పనికొస్తాయి.

పని అయ్యాక మొదటి యాభై గంటలు

కొత్త రింగులు లైనర్‌కు పట్టాలంటే ఇంజిన్‌కు బరువు కావాలి. జాగ్రత్త పేరుతో ఒడ్డున ఐడ్లింగ్‌లో గంటలు గంటలు నడిపితే లైనర్ గోడ అద్దంలా నునుపెక్కి, రింగు పట్టదు, ఆయిల్ తాగడం మొదలవుతుంది. ఆ మెరుపు పోవాలంటే మళ్లీ విప్పాలి. వేడెక్కాక సగం నుంచి ముప్పావు బరువు మధ్య పెంచుతూ తగ్గిస్తూ నడపండి, మొదటి రోజుల్లో పూర్తి థ్రాటిల్ మాత్రం ఎక్కువసేపు వద్దు. యాభై గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూడండి. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలా వద్దా అన్నది ఇంజిన్ పుస్తకం చెప్పినట్టు, వాల్వు గ్యాప్ మాత్రం తప్పక చూడాలి.

సీజన్ అయిపోయి లాంచీ నిలబెట్టేటప్పుడు ఆయిల్ ముందే మార్చి నిలబెట్టండి, వానాకాలంలో తీసేటప్పుడు కాదు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి, నాలుగు నెలలు బేరింగుల మీద ఊరికే కూర్చోనివ్వకూడదు. డీజిల్ ట్యాంకు నింపి పెడితే లోపల తేమ పట్టదు. కూలింగ్‌లోకి నది నీళ్లు వచ్చే దారి ఖాళీ చేయండి, ఒండ్రు గట్టిపడకుండా. వారానికోసారి చేత్తో క్రాంకును ఒకటిన్నర చుట్టు తిప్పి వేరే చోట ఆపండి.

షెడ్డు నుంచి ఇంజిన్ తెచ్చుకునే రోజు తీసేసిన పాత బేరింగులు, పిస్టన్లు అడిగి తీసుకోండి, మారాయో లేదో మీ కళ్లతో చూసినట్టవుతుంది. బిల్లు మీద క్రాంకు ఎన్ని థౌకు గ్రైండ్ అయింది, ఏ లైనర్ సెట్టు వేశారు, పంపు ఎంతకు సెట్ చేశారు, అన్నీ రాయించుకోండి. ఆ బిల్లును ఫొటో తీసి సరంగు ఫోన్లో ఒకటి, మీ ఫోన్లో ఒకటి పెట్టుకోండి. ఇంకో పదేళ్లకు వచ్చే మేస్త్రీ మొదట అడిగేది ఆ క్రాంకు సైజే.